మెత్తబొమ్మల బల్ల

పెట్టె మూత తియ్యగానే ముందు వాసన వచ్చింది. పట్టుచీరల బీరువా తెరిచినప్పుడు వచ్చే వాసన.

ఇంద్రజ మోకాళ్ళ మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. మధ్యాహ్నం బహ్రెయిన్ జిదాఫ్స్‌లో కళ్ళద్దాల షాపు మూసి, మళ్ళీ సాయంత్రం తెరిచేలోపు నయీమ్‌లో ఇంటికొచ్చి అన్నం తినిపోవడం ఆమెకి అలవాటు. ఇవాళ అన్నం కూడా తినకుండా మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగింది. శుక్రవారం బొమ్మలు సేకరించేవాళ్ళ ప్రదర్శన. వేసవి ముందు ఈ పెట్టె తనే సర్దింది. అట్టముక్కలతో గదులు కట్టి, ఒక్కో బొమ్మనీ తెల్ల కాగితంలో చుట్టి, ఒక్కో గదిలో నిలబెట్టింది. ఇప్పుడు ఆ కాగితాలూ లేవు, గదులూ లేవు. పాత నేతచీర ముక్కల్లో చుట్టిన పొట్లాలు పురిటిబిడ్డల్లా వరసగా పడుకుని ఉన్నాయి. వాటి సందుల్లో తెల్లగా కలరా ఉండలు.

ఒక పొట్లం విప్పబోయింది. గుడ్డ రాలేదు. మెల్లగా లాగితే, మానుతున్న పుండు మీది కట్టులా ఊడి వచ్చింది. లోపల సముద్ర గస్తీ దళం అనే బొమ్మల జట్టులోని ఈతగాడు. జానెడు బొమ్మ. మొహం, ఛాతీ గట్టి ప్లాస్టిక్కు కాబట్టి ఎప్పటిలాగే ఉన్నాయి. మడమలు, చేతిలోని బల్లెం, నడుముకున్న తోలులాంటి పట్టీ మాత్రం మెత్తటి ప్లాస్టిక్కు. వాటి మీద వేలు ఆనిస్తే, వేలు తీసుకున్నప్పుడు చిన్న చప్పుడయింది. జిగురు.

వంటింట్లోంచి ప్రమీల చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ ఇంద్రజ అత్తగారు. తెనాలి నుంచి ఆషాఢంలో వచ్చింది, దీపావళి దాకా ఉంటుంది. పెట్టె తెరిచి ఉండడం చూసి మొహం విప్పారింది. వచ్చిన వారంలోనే ఒకనాడు ఊడుస్తుంటే పెట్టె కింద వెండిపురుగు కనిపించిందనీ, కాగితం పెడితే పురుగులు రాక చస్తాయా అని అన్నీ తీసి తన పాత మంగళగిరి చీర చింపి చుట్టాననీ, ఇక పదేళ్ళు చూడక్కర్లేదనీ చెప్పుకొచ్చింది. తన కొలువు బొమ్మలు పెళ్ళయిన నాటి నుంచీ అలాగే ఉన్నాయిట. ఇంత చిన్న పనికి చెప్పడమెందుకని చెప్పలేదుట.

ఇంద్రజ ఆవిడ వైపు తిరగలేదు. బొమ్మని తిప్పి చూస్తూ ఉంది. ఆమెకి కోపం వస్తే మాట ఆగిపోతుంది. అది ప్రమీలకి ఈ మూడు నెలల్లో తెలిసింది.

"ఏమయిందే?"

"ఇవి చెక్కబొమ్మలు కావత్తయ్యా," అంది ఇంద్రజ. "కలరా ఉండల ఘాటుకి ఈ ప్లాస్టిక్కు కరుగుతుంది."

ప్రమీల వంగి చూసింది. వేలు పెట్టింది. వేలు తీసుకుని కొంగుకి తుడుచుకుంది. అలాగే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రాత్రి షాపు నుంచి వచ్చేసరికి భర్త కృష్ణప్రసాద్ ఫోన్లో ఉన్నాడు. అవతల శ్రీనివాసరాజు గారు. భీమవరం మనిషి, పెద్ద ఇంజినీరు, బొమ్మలు సేకరించే వాళ్ళ సంఘంలోని తెలుగువాళ్ళలో అందరికంటే పాతవాడు. ఆయన దగ్గర ముప్పై నలభై ఏళ్ళ నాటి మరమనుషుల బొమ్మలున్నాయి. అన్నీ గట్టి ప్లాస్టిక్కే. భార్యని చూడగానే కృష్ణప్రసాద్ ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ప్రసాద్ గారూ, శుక్రవారం మీ బొమ్మలు వస్తున్నట్టేనా అండి?"

"నావి కాదండీ. మా ఆవిడవి."

"అదేలెండి, ఒకటే కదా." రాజు గారు నవ్వారు. "సంఘం పెద్ద ఖలీల్ గారు హాలు మధ్యబల్లలో సగం మీకని మాటిచ్చేశారు కాబట్టి నేనూ సరేనన్నాను. కానీ షరతు గుర్తుంది కదండీ. స్టాండు పెట్టకూడదు. తలుపులు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా వాటి కాళ్ళ మీద అవే నిలబడాలి. ఈసారి మెత్తబొమ్మల వాళ్ళని కొందర్నే వరండాలో వేశాం, మీవాటిలో ఒక్కటి పడినా వచ్చే ఏడాది నుంచి అందరూ అక్కడికే. నిరుడు చూశాం కదా, మధ్యాహ్నానికల్లా సగం బల్లలు యుద్ధం అయిపోయినట్టున్నాయి."

"నిలబడితేనండీ?" అంది ఇంద్రజ.

"నిలబడితే మధ్యబల్ల మీకేనమ్మా, ఏటేటా. మీవారికి చెప్పాను." మళ్ళీ కృష్ణప్రసాద్‌తో, "ఈ ఎండల్లో మెత్తబొమ్మలు కొనడమంటే ఐసు కొని అలమారలో పెట్టుకోవడమేనండి. పెద్దవాణ్ణి, చెప్పాలి కాబట్టి చెబుతున్నా," అన్నారు.

ఫోన్ పెట్టేశాక కృష్ణప్రసాద్ ఆమె వైపు చూశాడు. నిరుడు ఆ హాల్లో వాళ్ళ బల్లకి ఒకటే కుర్చీ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు దాన్ని ఆయన వైపు జరిపారు. వచ్చినవాళ్ళంతా ఆయన్నే అడిగారు. ఆయన వెనక్కి తిరిగి ఆమెని అడిగి, ఆమె చెప్పింది విని, ముందుకి తిరిగి అదే చెప్పాడు. ఆమె సాయంత్రం దాకా ఆ కుర్చీ వెనక నిలబడింది. సంగతంతా ఇంటికొచ్చాక ఇద్దరూ చెప్పుకుని నవ్వుకున్నారు గానీ, ఆ కుర్చీ ఇంద్రజ మనసులోంచి పోలేదు.

"పోనీ మానేద్దామా ఇందూ?" అన్నాడు. "జ్వరమని చెబుతాను."

"నాకు జ్వరం లేదు," అంది ఇంద్రజ.

వంటింటి గుమ్మంలో ప్రమీల నిలబడి ఉంది. చేతిలో గరిటె ఉంది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తున్నా కదల్లేదు.

మర్నాడు పొద్దున ఇంద్రజ లేచేసరికి బాల్కనీలో రెండు బకెట్ల నీళ్ళు, ఒక పాత తువ్వాలు, పిల్లల పళ్ళు తోమే మెత్తటి బ్రష్షు సిద్ధంగా ఉన్నాయి. బ్రష్షు మేడ కింది కొట్టులో అప్పుడే కొనుక్కొచ్చినట్టుంది, అట్ట ఇంకా చింపలేదు. ప్రమీల ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది.

"నన్ను తిట్టాలనుంటే తిట్టు. తిట్టి పని చెప్పు."

ఇంద్రజకి నోటిదాకా వచ్చింది. రాత్రంతా మనసులో ఆవిడతో మాట్లాడుతూనే ఉంది. నా వస్తువు నన్నడక్కుండా ఎందుకు ముట్టుకున్నారని అడిగింది, మీ బొమ్మల్ని నేనలా చేస్తే ఊరుకుంటారా అని అడిగింది. ఇప్పుడా పొట్లాలన్నీ ఒక్కొక్కటే విప్పుతూ, మొదటిదాన్ని నీళ్ళలో పెట్టబోయే ముందు చేతి అలవాటుగా నేల మీద నిలబెట్టింది. ఈతగాడు నిలబడ్డాడు.

ఆమె ఇంకొకదాన్ని నిలబెట్టింది. అదీ నిలబడింది. తలుపు చట్రం పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. కళ్ళజోడు వంకర చూసేటప్పుడు షాపులో అలాగే చూస్తుంది. కాళ్ళు చట్రంతో సమానంగా నిటారుగా ఉన్నాయి. కొన్నప్పటి నుంచి ప్రతి వేసవి దాటాక ఈ బొమ్మల మడమలు లోపలికి కుంగేవి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, తాగినవాళ్ళలా ఒరిగేవి. వాటిని వేడినీళ్ళలో ముంచి, సరిచేసి, చన్నీళ్ళలో ముంచడమే ఆమెకి ఏటా పని. ఈసారి ఒక్కటీ కుంగలేదు.

"ఎలా పడుకోబెట్టారత్తయ్యా వీటిని?"

"ఎలా ఏముంది. వెల్లకిలా. కాళ్ళ మధ్య గుడ్డ ఉండ పెట్టాను. చంటిపిల్లలకి పెట్టమూ?" ప్రమీల ఇంకా తలెత్తలేదు. "కొలువు ఎత్తేసే రోజు బొమ్మని పడుకోబెట్టి కదా దణ్ణం పెట్టేది. నిలబెట్టి మూత పెట్టేస్తారా ఎవరన్నా? అవి మాత్రం ఎంతసేపని నుంచుంటాయి."

ఇంద్రజ వెనక్కి గోడకి ఆనుకుంది. నెలల తరబడి తన బరువు తనే మోస్తే మెత్తటి మడమ ఎందుకు కుంగదు. ఇన్నేళ్ళూ పెట్టెలో గదులు కట్టి, పడిపోకుండా నిలబెట్టడం జాగ్రత్త అనుకుంది. సంఘంలో ఎవరినడిగినా వేడి గురించి, గాజు అలమార గురించి, ఏసీ గురించి చెప్పేవాళ్ళే గానీ పడుకోబెట్టమని ఒక్కరూ చెప్పలేదు. కలరా ఉండలు ఒంటిని పాడుచేశాయి. పడుకోబెట్టడం కాళ్ళని కాపాడింది. ఒకే చెయ్యి చేసిన పని.

"కాళ్ళు బాగున్నాయి," అంది చివరికి. "ఒళ్ళు కడగాలి."

కడిగారు. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెల సబ్బు ఒక చుక్క వేసి, బ్రష్షుతో వేళ్ళ సందులూ చెవుల వెనకలూ తోమి, మంచినీళ్ళలో ముంచి, తువ్వాలు మీద బోర్లించారు. నీళ్ళు మరీ వేడిగా ఉండకూడదనీ, రుద్దకూడదనీ, అద్దాలనీ ఇంద్రజ చెప్పింది. ప్రమీలకి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. కాసేపటికి ఆవిడే, ఆ మొసలి చర్మం వాడి చంకలో జిగురు పోలేదు, ఇటివ్వు అంటోంది. మెత్తటి ప్లాస్టిక్కుని మెత్తగా ఉంచేది అందులో కలిపిన నూనెలాంటి మందనీ, వేడికీ ఘాటుకీ అదే చెమటలా పైకి వస్తుందనీ ఇంద్రజ చెబితే, అయితే చెమటకాయలకి చేసినట్టే చెయ్యాలి అని లేచి వెళ్ళి పౌడరు డబ్బా తెచ్చింది. ఇంద్రజకి నవ్వొచ్చింది. తను చెయ్యబోయేదీ అదే.

పౌడరు అద్ది, కుంచెతో దులిపి, గదిలో ఫ్యాను కింద పాత చీర పరిచి అన్నిటినీ పడుకోబెట్టారు. గాలి ఆడితే లోపలికి పట్టిన ఘాటు మెల్లగా పోతుంది, పోతే గట్టిపడాలి. పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంద్రజ ఈతగాడి మడమ మీద గోటితో చిన్నగా నొక్కింది. గోటి గాటు అలాగే ఉండిపోయింది.

ఒక్కటి మిగిలింది. దళనాయకురాలు. అన్నిటికంటే పొడుగు, అన్నిటికంటే బరువు. భుజాల మీద నుంచి కిందికి జారే ఎర్రటి కండువా మొత్తం మెత్తటి ప్లాస్టిక్కు. కంపెనీ పెట్టిన పేరు నోరు తిరగక ఇంద్రజ దానికి గంగ అని పేరు పెట్టుకుంది. గంగ పక్కనే రెండు కలరా ఉండలు ఉన్నట్టున్నాయి, చీర ముక్క కండువాకి పూర్తిగా అతుక్కుపోయింది. నీళ్ళలో నానబెట్టి, అంచు నుంచి దారం దారంగా వలుస్తూ పోతే చాలాసేపటికి ఊడింది. ఊడాక ఇద్దరూ దాన్ని వెలుగులోకి పట్టుకున్నారు.

నున్నటి ఎర్ర ప్లాస్టిక్కు మీద నేత అచ్చు పడింది. పడుగూ పేకా కనపడుతున్నాయి. కింద అంచు పొడవునా చిన్న చిన్న గోపురాలు.

"నా చీర అంచే ఇది," అంది ప్రమీల నెమ్మదిగా.

ఇంద్రజ కళ్ళు మూసుకుంది. సేకరించేవాళ్ళ లెక్కలో చిన్న గీత పడినా బొమ్మ విలువ పోతుంది. ఇది మొత్తం కండువా. గంగని ఇంట్లోనే వదిలేసి మిగతావి తీసుకెళ్ళాలి అనుకుంది. కానీ గంగ లేని గస్తీ దళం ఏం దళం? ముందు వరస మధ్యలో ఖాళీ ఎందుకుందని రాజు గారు అడగరూ?

ప్రమీల మాత్రం బొమ్మని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. "పాడైందంటావేమో గానీ, అమ్మాయ్, ఇదివరకు పిల్ల ఏదో రబ్బరు తొడుక్కున్నట్టుండేది. ఇప్పుడు గుడ్డ కప్పుకున్నట్టుంది."

ఇంద్రజ కళ్ళు తెరిచి చూసింది. చాలాసేపు చూసింది.

బుధవారం పొద్దుటికి గోటి గాటు కాసేపుండి పూడిపోయింది. సాయంత్రానికి ఇంకా త్వరగా పూడిపోయింది. వాసన పల్చబడింది. వచ్చేపోయేటప్పుడల్లా ఇద్దరూ ఆ గదిలోకి తొంగి చూడడం, ఒకరు చూశాక ఇంకొకరు చూడడం చూసి కృష్ణప్రసాద్, ఆసుపత్రిలో ఉన్నట్టుంది నాకు, అన్నాడు. బొమ్మలు సేకరించే ఈ కలెక్టర్ల సంఘం అంటే మొదట్లో వాళ్ళమ్మ జిల్లా కలెక్టర్లనుకుని తెనాలికి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్న సంగతి కూడా గుర్తుచేశాడు. ఇప్పుడు మాత్రం తక్కువా అంది ప్రమీల.

గంగ ఒక్కతే నిలబడలేదు. మిగతావాటి మడమలు గట్టిపడ్డాయి. గంగకి కండువా బరువు వెనక్కి లాగుతోంది. నిలబెడితే ఒక పది నిమిషాలు బాగానే ఉండి, తర్వాత ఎవరో వెనక నుంచి పిలిచినట్టు వెనక్కి ఒరుగుతోంది.

గురువారం షాపుకి పెద్దావిడ ఒకామె వచ్చింది. కారులో వదిలేసిన కళ్ళజోడు ఎండకి వంకర పోయిందని బల్ల మీద పెట్టింది. ఇంద్రజ వేడిగాలి మిషను పెట్టి, కాడని గాలికి దూరంగా తిప్పుతూ కాచి, వేళ్ళతో సరిచేసి, అలాగే పట్టుకుంది. వంచేశాక వెంటనే వదిలితే ప్లాస్టిక్కు మళ్ళీ పాత వంకరకే పోతుంది. చల్లారేదాకా కదలకుండా పట్టుకోవడమే పని. పెద్దావిడ సహనంగా చూస్తూ కూర్చుంది. ఇంద్రజ కాడ పట్టుకుని ఎదురుగా గోడకేసి చూస్తూ, గంగ గురించి ఆలోచిస్తూ ఉంది. మడమలు మొయ్యలేని బరువు ఇంకెక్కడన్నా ఆనాలి. ఆనడానికి గంగ దగ్గరే ఒకటుంది.

మధ్యాహ్నం షాపు మూశాక తలుపు లోపల గడియ పెట్టుకుని, సంచిలోంచి గంగని తీసింది. కండువా కింది అంచుకి మిషను గాలి తగిలిస్తూ, మెత్తబడ్డాక రెండు వేళ్ళతో కిందికి దించింది. నిలబడ్డ మనిషి చీర కొంగు నేలకి జీరాడినట్టు, వెనకగా, కొంచెం ఎడమకి. గోపురాల అంచు చెడకుండా గోళ్ళు తగలనివ్వలేదు. తర్వాత పట్టుకుని కూర్చుంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. వదల్లేదు.

వదిలి బల్ల మీద పెడితే గంగ రెండు కాళ్ళ మీదా కొంగు మీదా ముక్కాలిపీటలా నిలిచింది. ఇంద్రజ అప్పుడు వెళ్ళి అన్నం డబ్బా తెరుచుకుంది. తింటున్నంతసేపూ గంగ కళ్ళద్దాల మధ్య నిలబడే ఉంది.

శుక్రవారం మనామాలో హాలు తలుపులు తీసేసరికి ఇంద్రజ బల్ల సిద్ధంగా ఉంది. ముందు వరసలో గంగ, ఆమెకి అటూ ఇటూ ఈతగాళ్ళు, వెనక మొసలి చర్మం వాళ్ళు, పడవ నడిపేవాళ్ళు. స్టాండు లేదు, తీగ లేదు, పిన్ను లేదు. మధ్యబల్ల పొడుగ్గా ఉంటుంది. అందులో సగం ఆమెకి, మిగతా సగం రాజు గారి మరమనుషులకి. ఈసారీ కుర్చీ ఒకటే తెచ్చారు. తెచ్చిన నర్సింగ్ అనే జగిత్యాల కుర్రవాడు దాన్ని ఎవరికి వెయ్యాలో తెలియక రెండు భాగాలకీ మధ్యలో పెట్టి పోయాడు. రాజు గారు దాని మీద తన సంచి పెట్టారు.

ఆయన వంగి గస్తీ దళం కాళ్ళు పరీక్షగా చూశారు. జేబు నుంచి కార్డు తీసి బల్లకీ కాళ్ళకీ మధ్య పోనిచ్చి, జిగురేమీ లేదని తేల్చుకున్నారు. గంగ దగ్గర ఆగిపోయారు.

"ప్రసాద్ గారూ, ఇదేంటండీ, కండువా ఆనించారు? ఇది స్టాండు కిందే లెక్క."

"నన్నడక్కండి," అన్నాడు కృష్ణప్రసాద్. "నేను సామాను మోసే మనిషిని. ఆవిడ్ని అడగండి."

రాజు గారు ఇంద్రజ వైపు తిరగక తప్పలేదు. కండువా బొమ్మతో వచ్చిందేననీ, కొత్తగా పెట్టింది ఏమీ లేదనీ, దాని ఆకారం మాత్రం తను కాచి సరిచేశాననీ ఆమె చెప్పింది. ఇంతలో ఖలీల్ గారు వచ్చారు. బహ్రెయిన్ ఆయన, ముత్యాల వ్యాపారం చేసే ఇంటివాడు, ఈ సంఘం మొదలుపెట్టింది ఆయనే. హిందీలో విషయం అడిగి తెలుసుకుని, జేబులోంచి ముత్యాలు చూసే భూతద్దం తీసి కంటికి పెట్టుకుని గంగ వెనక్కి వంగారు. చాలాసేపు లేవలేదు.

"ఇది ఎవరు చెక్కారు?" అన్నారు లేచి. "దారం దారం కనపడుతోంది."

ఇంద్రజ పక్కకి చూసింది. ప్రమీల కొత్త జరీచీర కట్టుకుని గోడ వారన నిలబడి ఉంది. "మా అత్తగారి చీర," అంది ఇంద్రజ. కలరా ఉండల దగ్గర్నుంచి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఖలీల్ గారు నవ్వి, భూతద్దం ప్రమీలకిచ్చి, మీరు చూశారా అని అడిగారు. ప్రమీల భూతద్దం పట్టుకుని తన చీర అంచు తనే చూసుకుంది. ఖలీల్ గారు రాజు గారితో అన్నారు, "ఆమె కొంగు మీద ఆమె ఆనుకుంటే తప్పేముంది భాయ్."

ఆ తర్వాత జనం ఆగలేదు. గంగ వెనకవైపు చూడడానికి ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఎలా చేశారు, ఏ గుడ్డ, ఎంత వేడి, వేసవిలో ఎలా దాచారు. అందరూ కృష్ణప్రసాద్‌ని దాటి ఇంద్రజ దగ్గరికే వచ్చారు. పడుకోబెట్టాలని, కాళ్ళ మధ్య గుడ్డ ఉండ పెట్టాలని చెబుతుంటే, వరండాలో బల్ల దొరికిన వాళ్ళు కొందరు చెవులు రిక్కించి విన్నారు. కలరా ఉండలు మాత్రం వద్దని ప్రమీల తెలుగులోనే హెచ్చరించింది. వాళ్ళకి అర్థమైంది.

జుమ్మా నమాజు వేళకి హాలు సగం ఖాళీ అయి, మళ్ళీ నిండింది. నిండిన కాసేపటికి పైన గొట్టాల్లో గాలి చప్పుడు ఆగిపోయింది. నర్సింగ్ పరుగున వచ్చాడు. "ఏసీ ట్రిప్ అయింది మేడం. కిందికి పొయ్యి చూస్త. జర ఓపిక వట్టుండ్రి."

అంతమంది ఊపిరికి హాలు వంటిల్లులా అయిపోయింది. వరండా వైపు నుంచి ఒక చప్పుడు, మళ్ళీ ఒకటి. ఎవరివో బొమ్మలు వాలుతున్నాయి. ఇంద్రజ చేతులు వెనక్కి కట్టుకుంది. ముట్టుకుంటే ఓడినట్టే. ఈతగాడి మడమ చూసింది. గాటు పెట్టిన చోటు నున్నగా ఉంది. గంగ భుజం చూసింది, వెనక గోడ మీద గీతతో పోల్చుకుంది. కదల్లేదు. మళ్ళీ చూసింది.

రాజు గారు చెమట తుడుచుకుంటూ, కిటికీలోంచి ఎండ తన మరమనుషుల మీద పడుతోందని తెర లాగడానికి గబగబా తిరిగారు. తుంటి బల్ల మూలకి తగిలింది. పొడుగాటి బల్ల అంతా ఒక్కసారి అదిరింది.

గస్తీ దళం మొత్తం గాలి తగిలిన చేనులా ముందుకి ఊగింది, వెనక్కి ఊగింది. మెత్తటి మడమలు వంగి, లేచి, వంగి, లేచాయి. గంగ అందరికంటే ఎక్కువ ఊగింది. కొంగు అంచు బల్ల మీద నుంచి లేచి, మళ్ళీ ఆనింది. ఆగింది.

బల్ల ఆ చివర రాజు గారి మరమనుషుల్లో అన్నిటికంటే పాతది కొయ్యలా ఒరిగి, అంచు దాటి, కింద పడింది. టక్కుమని చెయ్యి విరిగింది.

రాజు గారు నేల మీద కూర్చుని బొమ్మని తీసుకున్నారు. అంత పెద్దాయన కింద కూర్చుంటే చిన్నగా కనపడ్డారు. ఇంద్రజ కూడా వంగింది. బల్ల కిందికి పాకి, విరిగిన చేతి మేకు ముక్కని, గోరంత ముక్కని, వెతికి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఊగి ఆగిందమ్మా నీది," అన్నారాయన. ఆమెతోనే అన్నారు. "చూశాను."

సాయంత్రం తలుపులు మూసే వేళకి ఏసీ ఎప్పుడో వచ్చేసింది. గస్తీ దళం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఖలీల్ గారు అందరి ముందూ, వచ్చే ఏటి నుంచి మధ్యబల్ల ఇంద్రజ బల్ల అనీ, మెత్తబొమ్మల వాళ్ళెవరూ వరండాలోకి పోనక్కర్లేదనీ చెప్పారు. వరండా వాళ్ళే గట్టిగా చప్పట్లు కొట్టారు. కృష్ణప్రసాద్ అందరికంటే ఆలస్యంగా ఆపాడు. తర్వాత తను చెప్పిన ఉద్యోగం ప్రకారం ఖాళీ పెట్టె తెచ్చి బల్ల పక్కన పెట్టాడు.

ప్రమీల చేతిసంచిలోంచి ఉతికిన చీర ముక్కలు తీసింది. అందరిలోకీ ముందు గంగని రెండు చేతులా ఎత్తుకుంది. "పొద్దుట్నుంచీ నుంచున్నావు. ఇంక పడుకో తల్లీ," అంటూ వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ మధ్య గుడ్డ ఉండ పెట్టి, కండువా మడతపడకుండా సర్దింది.

ఇంద్రజ తర్వాతి బొమ్మ అందుకోబోతుంటే వెనక కుర్చీ ఈడ్చిన చప్పుడయింది. రాజు గారు దాని మీది సంచి తీసి భుజానికి తగిలించుకున్నారు. కుర్చీని మధ్యబల్ల వెనక్కి తెచ్చి వేసి, చేత్తో ఒకసారి దులిపారు.

"కూర్చోండమ్మా," అన్నారు. "మా వాడి చెయ్యి ఎలా అతకాలో కొంచెం చూసి పెట్టండి. తొందరేం లేదు."

ఇంద్రజ అత్తగారి వైపు చూసింది. ప్రమీల బొమ్మలు చుడుతూనే, కూర్చోమన్నట్టు గడ్డంతో సైగ చేసింది. ఇంద్రజ చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుంది. వెనక్కి పూర్తిగా ఆనుకుంది. అప్పుడు తెలిసింది కాళ్ళు ఎంత లాగుతున్నాయో.

"ఇటివ్వండి," అని మరమనిషి కోసం చెయ్యి చాచింది.